రెడీమేడ్, కుట్టుడు, మధ్యలో చిన్న జములమ్మ

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు వనపర్తిలో మా ఇంటికి వస్తుంటారు. చాయ్ తాగుతారు, మా కాలం కంప్యూటర్ల ముచ్చట్లు విని నవ్వుకుంటారు, లేచేముందు ఒకటే ప్రశ్న వేస్తారు: "సార్, ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిది?" ఏ సంబంధం మంచిది అని అడిగినట్టే ఉంటుంది ఆ అడగడం. సంసారం చేస్తే గానీ తెలియదు నాయనా అంటే మళ్లీ నవ్వుతారు. నేను నవ్వించడానికి చెప్పే మాట కాదది.

ప్రమోషన్లు, బదిలీలు, సన్మానాలు నేను రాయను. రిటైరైన రోజు మైకులో నా గురించి చాలా చెప్పారు. శాలువా మంచిదే గానీ ఆ మాటలు నమ్మకండి. నేను రాయబోయేది రెండు వేల సంవత్సరం దాటాక జరిగిన ఒక ఎంపిక గురించి. రెండు ఫ్రేమ్‌వర్క్‌లను పక్కపక్కన పెట్టి బేరీజు వేసి ఒకటి తీసుకున్నాం. ఆ ఎంపిక ఇప్పటికీ తప్పని అనను. కానీ ఆ సంగతి తలుచుకున్నప్పుడల్లా నాకు సిగ్గేస్తుంది. ఎందుకో చెప్తేనే మీకు ఏమైనా పనికొస్తుంది.

సగం కట్టిన ఇల్లు

మా సంస్థ పల్లె ఆడపిల్లల కోసం వసతి బడులు నడిపేది. చదువు మధ్యలో ఆపేసినవాళ్లను, ఆపేసేలా ఉన్నవాళ్లను ఆరో తరగతి నుంచి చేర్చుకునేవాళ్లు. తిండీ పడకా అన్నీ అక్కడే. సీట్లు తక్కువ, అడిగేవాళ్లు ఎక్కువ. దరఖాస్తులు కాగితాల మీద నడిచినన్నాళ్లూ ఒకే పిల్ల పేరు రెండు బడుల్లో ఎక్కేది. పలుకుబడి ఉన్నవాడు తన మనిషి కోసం ఒక సీటు ముందే పట్టి ఉంచేవాడు. ఏ పలుకుబడీ లేని పిల్ల ఇంటికి పోయేది. అందుకని చేరికలన్నీ వెబ్ మీదికి తెమ్మని హైదరాబాద్ నుంచి మాట వచ్చింది. మొదటి విడతలో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు మండలాలు. ఆఫీసు వనపర్తిలో. సిస్టమ్స్ మేనేజర్‌ని నేను.

నాతోపాటు జహంగీర్. మేమిద్దరం వనపర్తిలో డిప్లొమా చదివేటప్పుడు ఒకే గదిలో ఉండి ఒకే స్టవ్ మీద వండుకున్నవాళ్లం. గద్వాలలో వాళ్లది దర్జీల ఇల్లు. మనిషి మంచివాడు, కోపం మాత్రం ముక్కు మీదే ఉండేది. ప్రోగ్రాం రాయడంలో నాకంటే చేయి తిరిగినవాడు. తను రాసింది ఇంకొకరికి అర్థమయ్యేలా రాయాలన్న పట్టింపు మాత్రం ఏ కోశానా లేదు.

ఫ్రేమ్‌వర్క్ అంటే తెలియనివాళ్లకు ఒక మాట. వెబ్‌సైట్ కట్టేవాడికి పునాది, గోడలు, చౌకట్లు ముందే నిలబెట్టి ఇస్తారు. లోపల గదులు మనం సర్దుకుంటాం. పని సగం తగ్గుతుంది. అయితే తలుపు ఎక్కడ ఉండాలి, ఎంత ఎత్తుండాలి అన్నది ఆ ఇచ్చినవాడు ముందే అనుకుని ఉంటాడు. మన ఇంట్లో మనుషులు ఎంత పొడుగో వాడికి తెలియదు.

మా ముందు రెండున్నాయి. ఒకటి అప్పుడే కొత్తగా వచ్చింది. మనం దాచే వివరాలేంటో ఒకసారి చెబితే చాలు, తెరలు, గడులు, బటన్లు అదే తయారుచేసుకునేది. ఏ నిబంధన అయినా ఒక్క వరుస. 'ఈ గడి ఖాళీగా ఉండకూడదు' ఒక వరుస, 'ఇలాంటిది మరొకటి ఉండకూడదు' ఇంకో వరుస. రెండోది పాత పద్ధతిది. ప్రతి తెరా, ప్రతి నిబంధనా చేత్తో రాసుకోవాలి. జహంగీర్ మొదటిదానికి రెడీమేడ్ అని, రెండోదానికి కుట్టుడు అని పేర్లు పెట్టాడు. దర్జీల పిల్లాడు ఏ వైపు ఉంటాడో వేరే చెప్పాలా? ఆయన కుట్టుడు, నేను రెడీమేడ్. ఒకే పనిని ఇద్దరం చెరొకదానిలో చేసి చూపించాలని ఒప్పందం.

మానవపాడులో

ఫ్రేమ్‌వర్క్‌ను ఏసీ గదిలో తూకం వేయకండి. ఈ ఒక్క విషయంలో మేం తెలివిగానే ఉన్నాం. రెండింటినీ మానవపాడు మండల కేంద్రానికి తీసుకుపోయి, అక్కడి ఆపరేటర్ ముందు పెట్టి, మేం వెనక నిలబడ్డాం. ఫోన్ లైన్ మీద నడిచే ఇంటర్నెట్, చెప్పకుండా పోయే కరెంటు.

నా రెడీమేడ్ తెరలు ముద్దుగా ఉన్నాయి గానీ ఒక్కో తెర రావడానికి ఆపరేటర్ బీడీ తాగి వచ్చేంత సేపు పట్టింది. మధ్యలో కరెంటు పోయింది. నింపినదంతా పోయింది. జహంగీర్‌ది చూడ్డానికి ముసలి మొహంలా ఉంది గానీ, ఒక్కో భాగం నింపగానే దాచుకుంటూ వచ్చింది. కరెంటు వచ్చాక ఆగిన చోటునుంచే మొదలైంది.

"ఏంది కుర్మయ్యా, నీ రెడీమేడ్ అంగీ ఒక్క ఉతుక్కే సినిగిపాయె," అని జహంగీర్ బస్టాండు దాకా ఏడిపించాడు.

వెనక్కి వచ్చి నేను ఆ రెండు లోపాలూ సరిచేశాను. తెరలు తేలిక చేశాను, ఎప్పటికప్పుడు దాచుకునేలా మార్చాను. ఎక్కువ కష్టం కాలేదు. జహంగీర్‌దానిలో ఒక చిన్న మార్పు చేయాలంటే మాత్రం ఆయన ఒక చోట ముట్టుకుంటే ఇంకో చోట చిరిగేది. రేపు జహంగీర్ బదిలీ అయిపోతే దాన్ని ఎవరు బాగుచేస్తారు? ఈ ప్రశ్నకు ఆయన దగ్గర కోపం తప్ప జవాబు లేదు. అందుకే చెప్తున్నా, ఎంపిక సరైనదే. ఇవాళ మళ్లీ ఆ కుర్చీలో కూర్చోబెట్టినా నేను రెడీమేడే తీసుకుంటాను.

మేడం అడిగిన ప్రశ్న

చివరి బేరీజు సమావేశం నాగర్‌కర్నూల్‌లో జరిగింది. బడులవాళ్లు, మండలాల ఆపరేటర్లు అందరూ వచ్చారు. హైదరాబాద్ నుంచి మా జాయింట్ డైరెక్టర్ మేడం వచ్చారు. నా ఉద్యోగంలో చూసిన పైఅధికారుల్లో ఆమె నిజంగా వినే మనిషి. చాలామంది మనం మాట్లాడుతుంటే ఫైల్ మీద సంతకాలు పెడతారు. ఆమె పెన్ను మూత పెట్టి వినేవారు.

ముందుగా జహంగీర్ లేచాడు. నా రెడీమేడ్‌లో ఇంటిపేరు గడి తప్పనిసరి అని పెట్టి ఉంది. అది నేను పెట్టింది కాదు, దానితో పాటే వచ్చింది. "మేడం, మా ఇండ్లల్ల ఇంటిపేరు అనేది ఉండదు. నింపాల్సిందే అంటే మా పిల్లలు అబద్ధం రాయాలె," అన్నాడు. మేడం నా వైపు చూశారు. అక్కడికక్కడే ఆ వరుస తీసేసి చూపించాను. అందరూ మెచ్చుకున్నారు. సులువుగా మారుతుందని రుజువైంది కదా, నాకే లాభం.

తర్వాత నా వంతు. ఒక పిల్ల పేరు ఎక్కించి, అదే పిల్లను ఇంకో బడిలో ఎక్కించబోయాను. తెర మీద ఎర్రక్షరాలు వచ్చాయి: 'ఈ విద్యార్థిని ఇప్పటికే నమోదై ఉంది'. హాల్లో చప్పట్లు. కాగితాల కాలంలో వాళ్లంతా పడిన బాధ ఒక్క వరుసతో పోయిందాయె. జహంగీర్‌దానిలో ఇదే చోట ఒక మాట మాత్రం వచ్చేది: 'ఇలాంటి పేరు ఇంకొకటి ఉంది, విచారించి ముందుకు పోండి'. నిర్ణయం ఆపరేటర్ చేతిలో పెడితే పలుకుబడి గలవాళ్లు మళ్లీ దూరతారని నేను వాదించాను. ఆ వాదనలో నిజం లేకపోలేదు.

"ఏమేం పోలుస్తుంది ఇది?" అని మేడం అడిగారు.

"ఇంటిపేరు ఉంటే ఇంటిపేరు, పేరు, తండ్రి పేరు, ఊరు, మేడం. పుట్టిన తేదీ లెక్కలోకి తీసుకోలేదు. మా పల్లెల్లో అది బడి సార్ దయ. ఒక కాగితం మీద ఒకటి, ఇంకో కాగితం మీద ఇంకొకటి ఉంటుంది. పేరు ముందు పెద్ద, చిన్న అని ఉంటే అది కూడా తీసేసి పోలుస్తుంది. ఒకరు రాస్తారు, ఒకరు రాయరు. దాన్ని సందు చేసుకుని ఒకే పిల్లను రెండుసార్లు ఎక్కిస్తారు."

మేడం తెర మీది ఎర్రక్షరాలు మళ్లీ చదివారు. "మాది కోస్తా, ఇక్కడి ఆచారాలు నాకు తెలియవు. ఒకే ఇంట్లో ఇద్దరు పిల్లలకు ఒకే పేరు పెట్టుకోవడం ఉంటుందా? మీరు ఇక్కడివారు కదా కుమార్ గారూ, మీరే చెప్పండి."

కుమార్ గారంటే నేనే. కానీ మా ఊరు గోపాల్‌పేటలో నాకు ఆ పేరు లేదు. మా అమ్మ కురుమూర్తి స్వామికి మొక్కుకుని మమ్మల్ని ముగ్గురు కొడుకుల్ని కన్నది. మా పెద్దన్న పెద్ద కుర్మయ్య, రెండో అన్న నడిపి కుర్మయ్య, నేను చిన్న కుర్మయ్య. పాలమూరు పల్లెల్లో ఇది వింతేమీ కాదు. మొక్కు దేవునిది, పేరూ దేవునిదే. ఒక బిడ్డకు పెట్టి ఇంకో బిడ్డకు పెట్టకపోతే దేవుడు అలుగుతాడు. పిలవడానికి పెద్దోడు, నడిపోడు, చిన్నోడు సరిపోతాయి. ఆడపిల్లలకైనా అంతే.

డిప్లొమా అయ్యాక కంప్యూటర్ చదువుకు హైదరాబాద్ పోయాను. మొదటి రోజు హాజరు పిలుస్తూ 'చిన్న కుర్మయ్య' అనగానే క్లాసంతా నవ్వింది. "చిన్న కుర్మయ్య వచ్చిండు, పెద్ద కుర్మయ్య ఏడి?" అని ఆ ఏడాదంతా నడిపించారు. చదువు పూర్తయ్యేసరికి పేరు మార్చుకుని కుమార్‌నయ్యాను. పాత పేరు తెలిసిన మనిషి ఆఫీసులో జహంగీర్ ఒక్కడే.

మేడం అడిగినప్పుడు నాకు ఆ క్లాసే గుర్తొచ్చింది. హాలు నిండా మనుషులు. ఉంటారు మేడం, మా ఇంట్లోనే ముగ్గురం ఉన్నాం అంటే సరిపోయేది. నేను నవ్వాను.

"లేదు మేడం. అదంతా మా తాతల కాలం. ఇప్పుడెవరు పెడతారు అట్లాంటి పేర్లు?"

నాతోపాటు హాలూ నవ్వింది. జహంగీర్ నవ్వలేదు. మా నడిపన్న బియ్యం మూట నెత్తిన పెట్టుకుని మా గదికి వచ్చిన రోజులు ఆయనకు తెలుసు. నా వైపొకసారి చూసి తల దించుకున్నాడు. మేడం పెన్ను మూత తీసి నా ఫ్రేమ్‌వర్క్ పేరు ముందు సరే అని రాశారు.

బయట వరండాలో పట్టుకున్నాడు. "ఏంది కుర్మయ్యా, మీ నడిపన్న పేరేంది?"

"భాయ్, మా ఇంటి ముచ్చట వేరు."

"ఎందుకు వేరు? మీ ఇల్లు పాలమూర్ల లేదా, లండన్ల ఉన్నదా?"

"అంత తెలిసినోనివి అక్కడ్నే చెప్పకపోయినవా మరి?"

"నా ఇంటి ముచ్చట నేను చెప్పిన. నీ ఇంటి ముచ్చట నేనెట్ల చెప్త? అందరి ముందట నీ పరువు నేను తీయాల్నా?" అని చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు.

ఆయన ఇంటి సంగతి ఆయన తలెత్తి చెప్పుకున్నాడు. నా ఇంటి సంగతి నేను నవ్వి దాచుకున్నాను. పెద్ద, చిన్న తీసేసి పోల్చే ఆ వరుస గురించి కూడా ఇప్పుడు ఆలోచిస్తే, ఆ ఉపాయం నాకే ఎందుకు తట్టిందో తెలుస్తుంది. నా పేరులోంచి నేను తీసేసిన మాటే అది.

గట్టు నుంచి వచ్చినవాళ్లు

ఆ జూన్‌లో చేరికలు మొదలయ్యాయి. ముందు బడుల్లో ఉన్న పిల్లలందరినీ ఎక్కించి, తర్వాత కొత్తవాళ్లను మండల కేంద్రాల్లో ఎక్కించడం మొదలుపెట్టారు. బాగా నడిచింది. రెండుచోట్ల పేర్లున్నవాళ్లు బోలెడంత మంది పట్టుబడ్డారు. హైదరాబాద్ నుంచి మెచ్చుకోలు వచ్చింది. నేను కాస్త ఉబ్బిపోయి తిరుగుతున్నాను.

ఒక మధ్యాహ్నం ఆఫీసుకు ఒక రైతు, ఆయన కూతురు వచ్చారు. ఆయన పేరు ఈరన్న. గట్టు మండల కేంద్రం అవతల, కర్ణాటక సరిహద్దు దగ్గర ఊరు. వానకు పండే భూమి కొంచెం ఉంది. పొద్దున బయల్దేరితే గద్వాల మీదుగా వనపర్తి చేరేసరికి ఆ వేళయింది. పిల్ల నూనె పెట్టి గట్టిగా జడ వేసుకుని, బడి బట్టల్లోనే ఉంది.

"సారూ, మా చిన్నదాన్ని కంప్యూటర్ తీస్కుంటలేదంట," అన్నాడు ఈరన్న. "ఈమె ఆల్రెడీ ఉన్నది అంటున్నరు గట్టుల. ఏడున్నది సార్? నా పక్కనే ఉన్నది గదా."

"నీ పేరేంది బిడ్డా?" అని అడిగాను.

"చిన్న జములమ్మ, సార్," అంది పిల్ల, బడిలో ఇన్‌స్పెక్టర్‌కు చెప్పినంత గట్టిగా. "మా అక్క పెద్ద జములమ్మ. ఆమె హాస్టల్ల ఎనిమిది సదువుతుంది. నేను గూడ ఆడికే పోత."

ఈరన్న తల ఊపాడు. "హౌదు సార్. జములమ్మకు మొక్కుకుంటే పుట్టిన పిల్లలు. ఇద్దరికీ అమ్మ పేరే పెట్టినం."

నాకు వెంటనే అంతా అర్థమైంది. పక్క కుర్చీలో జహంగీర్‌కు కూడా అర్థమైంది. పెద్ద, చిన్న తీసేస్తే ఇద్దరూ జములమ్మలే. తండ్రి ఒకడే, ఊరొకటే. నా వరుస ఆ ఇద్దరు అక్కచెల్లెళ్లను ఒక్క మనిషిని చేసింది.

సరిచేయడం ఎంతసేపు? ఒక వరుస తీసేయడమే. కానీ నడుస్తున్న వ్యవస్థలో నిబంధన మార్చాలంటే మేడం అనుమతి కావాలని నేనే కట్టుదిట్టం చేసి పెట్టాను. ఫోన్ చేసి కారణం చెప్పాలి. కారణం చెప్పడమంటే ఆ రోజు నేను అబద్ధం చెప్పానని చెప్పడమే.

"ఫోన్ చెయ్యి," అన్నాడు జహంగీర్ మెల్లగా.

"చూద్దాం లే."

"చూసేదేంది? పిల్ల నిలవడి ఉన్నది ఈడ."

నేను ఆయన వైపు చూడకుండా ఈరన్నతో మాట్లాడాను. "పేరు కొంచెం మార్చి ఎక్కిద్దాం. జ్యోతి అని పెడదాం. కంప్యూటర్ తీస్కుంటది."

"మీరు ఏ పేరంటే ఆ పేరు సార్. పిల్లకు సీటొస్తే సాలు."

పిల్ల మాత్రం ఊరుకోలేదు. "జ్యోతి ఎవరు సార్?"

"నువ్వే బిడ్డా."

"నేను గాదు. నేను చిన్న జములమ్మను."

"సారు చెప్తుండు గదా, సప్పుడు జెయ్యకు," అని తండ్రి కసిరాడు.

అప్పుడు నేనొక మాటన్నాను. ఇన్నేళ్లయినా అది నా చెవిలోనే ఉంది. "పేరుదేముంది బిడ్డా, నేను గూడ మార్చుకున్న. నాకేమన్న తక్కువైందా?" అని నా కుర్చీ, నా టేబుల్, నా కంప్యూటర్ చూపించాను. పిల్ల అవన్నీ చూసింది. తండ్రి చాటుకు పోయింది. జహంగీర్ కుర్చీ వెనక్కి తన్ని లేచిపోయాడు.

జ్యోతిని కంప్యూటర్ వెంటనే తీసుకుంది.

పత్తి చేను

బడిలో ప్రధానోపాధ్యాయురాలు తీసుకోలేదు. పాత బడి నుంచి తెచ్చిన టీసీలో జములమ్మ అని ఉంటే, తెరమీద జ్యోతి అని ఉంటే ఆమె ఎట్లా తీసుకుంటుంది? ఎవరో పిల్ల సీటులో ఇంకో పిల్లను దూరుస్తున్నారనుకుంది. అట్లాంటివి పట్టుకోమని చెప్పింది మేమే. ఆమె తన పని సరిగ్గా చేసింది. ఈరన్న మళ్లీ మా దగ్గరికి రాలేదు. పెద్ద సారు చెప్పినా కాలేదంటే ఇక కాదనుకున్నాడు. సీటు ఇంకొకరికి పోయింది.

ఇదంతా నాకు వానాకాలం చివర్లో గానీ తెలియలేదు. ఆ బడికి కంప్యూటర్లు బిగించడానికి జహంగీర్, నేను పోయాం. పని చూస్తుంటే కిటికీ దగ్గర ఒక పిల్ల నిలబడి నన్నే చూస్తోంది. మొహం ఎక్కడో చూసినట్టనిపించింది.

"సార్, మీరే గదా వనపర్తి సారు? మా చెల్లె సీడుకు పోతుంది సార్," అంది పెద్ద జములమ్మ.

సీడు అంటే విత్తన పత్తి. ఆ ప్రాంతంలో తెలియనివాళ్లు లేరు. సాయంత్రం మొగ్గలు గిల్లి, పొద్దున మగపువ్వు తెచ్చి ఆడపువ్వుకు రుద్దాలి. క్రాసింగ్ అంటారు. చెట్లు పిల్లల ఎత్తే ఉంటాయని, వాళ్ల వేళ్లు సన్నగా ఉంటాయని ఆడపిల్లలనే పెడతారు. మా వసతి బడులు పెట్టిందే ఆ చేలల్లోంచి పిల్లలను బయటికి తేవడానికి.

మేమిద్దరం ఆ ఊరికి పోయాం. రోడ్డు పక్క చేనులోనే కనిపించింది. సాళ్లల్లో వరసగా పిల్లలు, వాళ్లలో ఈమె. చేతులు ఆగకుండా పువ్వు మీంచి పువ్వుకు పోతున్నాయి. పని బాగా వచ్చేసినట్టుంది. నన్ను చూసి గుర్తుపట్టింది, తల వంచుకుని పక్క సాలుకు పోయింది. నేను చేనులోకి దిగలేకపోయాను. ఏం మొహం పెట్టుకుని దిగను? జహంగీర్ వెనక్కి తిరిగి నడిచాడు. తిట్టి ఉంటే కొంచెం నయంగా ఉండేది.

గద్వాల వచ్చి మేడంకు ఫోన్ చేశాను. నా పేరు చిన్న కుర్మయ్య అన్న దగ్గర మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆమె చివరిదాకా విన్నారు. తర్వాత, "నేను అడిగింది మిమ్మల్నే కదా కుమార్ గారూ," అన్నారు. అంతే. నిబంధన మార్చమని చెప్పి పెట్టేశారు. మెమో రాలేదు, ఇంక్రిమెంటు ఆగలేదు. నా పేరు ఎక్కడా చెడలేదు.

మార్పు అదే రెడీమేడ్‌లో ఒక్క పూటలో అయిపోయింది. ఎర్రక్షరాలు తీసేసి జహంగీర్ మాట పెట్టాం: విచారించి ముందుకు పోండి. విచారించింది ఎవరో, ఏం తేలిందో రాసే గడి ఒకటి కలిపాం. పలుకుబడివాళ్ల ఆటలు దానితోనే ఆగాయి. మొదటి నుంచి అట్లా చేసి ఉండొచ్చు. రెడీమేడ్ దానికి అడ్డు చెప్పేది కాదు, కుట్టుడే కావాలనీ లేదు.

తర్వాత ఇంకో సంగతి బయటపడింది, అది ఇంకా ఘోరం. ఇట్లా వెనక్కి పోయిన పిల్లలు ఇంకెంతమంది అని మేడం అడిగారు. మా దగ్గర తీసుకున్నవాళ్ల వివరాలన్నీ ఉన్నాయి, వద్దన్నవాళ్ల ఆనవాలు లేదు. ఎర్రక్షరాలు చూపించి మర్చిపోవడమే ఆ వరుస పని. జహంగీర్, నేను బస్సులెక్కి ఊరూరా తిరిగి, మీ ఊళ్లో చిన్న ఎవరు, నడిపి ఎవరు అని అడిగాం. గోపాల్‌పేటలో మా వీధి వెనకనే ఒక నడిపి పిల్ల దొరికింది. కొందరు దొరికారు, అందరూ దొరికారని నేను అనలేను.

పిల్లలూ, ఏ ఫ్రేమ్‌వర్క్ మంచిదని నన్ను అడుగుతారు కదా. వేగం చూడండి, రేపు బాగుచేసేవాళ్లు దొరుకుతారా చూడండి, కరెంటు పోయే ఊళ్లో పెట్టి చూడండి. అవన్నీ పుస్తకాల్లో ఉన్నాయి. వాటన్నిటి తర్వాత, అది ఎవరిని వద్దంటుందో అడగండి, వద్దన్నవాళ్లను గుర్తు పెట్టుకుంటుందో లేదో అడగండి. ఆ జవాబు మీ ఇంట్లోనే ఉండొచ్చు. ఉంటే దాచుకోకండి.

మళ్లీ జూన్

మరుసటి ఏడాది చేరికలు మొదలైన రోజునే నేను గట్టు పోయాను. ఈరన్నను పిలిపించాను. ఆయన పిల్లను తీసుకుని వచ్చాడు. ఏడాదిలో పొడుగైంది. ఆపరేటర్ పక్కన కుర్చీ వేయించి కూర్చోబెట్టాను.

"చెప్పు బిడ్డా, నీ పేరు చెప్పు. ఈసారి తప్పకుండ తీస్కుంటది."

పిల్ల తండ్రి వైపు చూసింది. తర్వాత నా వైపు చూసింది. "ఏ పేరు చెప్పాల్నో మీరే చెప్పున్రి సార్," అంది.

"నీ పేరే చెప్పు."

"జములమ్మ."

"చిన్న జములమ్మ గదా?"

"చిన్న వద్దు సార్." గొంతు చాలా తగ్గించి చెప్పింది. "చిన్న అని పెడితే మల్ల వద్దంటది."

"అనదు బిడ్డా. నేను మార్చిన. మీ అక్క పెద్ద జములమ్మ, నువ్వు చిన్న జములమ్మ. ఇద్దరినీ తీస్కుంటది."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఈరన్న కూడా, "వద్దులే సార్, ఎందుకొచ్చిన పరేషాన్," అన్నాడు. ఆపరేటర్ నా మొహం చూశాడు. ఆమె చెప్పిందే కొట్టమన్నాను. సీటు వచ్చింది. ఆ సాయంత్రమే అక్క పక్కన పడక వేసుకుంది.

నా పేరు గూడ చిన్న కుర్మయ్యే బిడ్డా, మా ఇంట్ల ముగ్గురం ఉన్నం అని ఆ కుర్చీ పక్కన వంగి చెప్పి ఉంటే, ఆ పిల్ల తన పేరు తను చెప్పుకునేది. మేడంకు ఫోన్‌లో చెప్పగలిగిన మాట ఆ పిల్లకు ఎదురుగా చెప్పలేకపోయాను. చుట్టూ మనుషులున్నారు, ఆపరేటర్ వింటున్నాడు, నాకు సిగ్గేసింది.